ఒక్కడూ తప్పిపోలే

మా ఊరు ఉన్నచోటి నుంచి అంగుళం కదలకుండానే మూడు జిల్లాలు తిరిగింది. నిజాం కాలంలో నారాయణఖేడ్ బీదర్ జిల్లాలో ఒక తాలూకా. 1956 నవంబరు 1న భాషల లెక్కన రాష్ట్రాలను విడగొట్టినప్పుడు బీదరు, భాల్కి, హుమ్నాబాద్ మైసూరు రాష్ట్రానికి పోయాయి. ఉద్గీర్, నీలంగా, అహ్మద్‌పూర్ బొంబాయికి పోయాయి. మేమూ జహీరాబాద్ వాళ్లూ మెదక్ జిల్లా పేరు మీద ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాం. 2016 దసరా నాడు, అక్టోబరు 11న, సంగారెడ్డి జిల్లా పుడితే అందులో పడ్డాం. మా తాత భూమి కాగితాలు ఉర్దూలో ఉండేవి, మా పెద్దమ్మ పాటలు కన్నడంలో, మా మేనత్త తిట్లు మరాఠీలో. ఖేడ్ అంగట్లో ఇప్పటికీ ఒక భాషలో మొదలైన బేరం ఇంకో భాషలో తెగుతుంది. గీతలు గీసినవాళ్లు భాషలు చూశారు గానీ వియ్యాలు చూడలేదు. ఔరాద్ వైపూ, దెగ్లూర్ వైపూ పిల్లనిచ్చుకోవడం, తెచ్చుకోవడం మాత్రం మానలేదు మావాళ్లు.

అట్లాంటి ఊళ్లో చెదిరిపోయినవాళ్లను ఒకచోట చేర్చడం ఎవరి తరం? మా లీడర్ తరమైంది.

లీడర్ అంటే రాజకీయాల లీడర్ కాదు. 1996లో సర్కారు బడిలో పదో తరగతి పాసైన బ్యాచికి క్లాసు లీడరు. బోర్డు మీద అల్లరి చేసినవాళ్ల పేర్లు రాసే ఉద్యోగం. సుద్దముక్క చేతిలోంచి పోయి ముప్పయ్యేళ్లవుతున్నా ఆ పేరు పోలేదు. ఇప్పుడు ఎరువుల దుకాణం. వాళ్లింటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ. నాకంటే అయిదేళ్లు చిన్న. వాడు దగ్గితే మా ఇంట్లో తెలుస్తుంది, మా ఇంట్లో తాళింపు పడితే వాడికి ఆకలవుతుంది. అందుకని ఈ కథలో నాకు తెలియని భాగం పెద్దగా లేదు, ఒక్కటి తప్ప.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది గదా, ఊళ్లో ప్రతివాడి చేతిలోకీ ఉచితంగా ఇంటర్‌నెట్ వచ్చిపడింది. ఆ ఊపులోనే లీడర్ వాట్సాప్ గ్రూపు కట్టాడు. మొదట తొమ్మిది మంది. అందరూ ఖేడ్ వాళ్లే, రోజూ చాయ్ దగ్గర కలిసేవాళ్లే. అక్కడ చెప్పుకున్నదే ఇంటికి పోయి ఫోన్‌లో మళ్లీ చెప్పుకునేవాళ్లు.

వాడికి తృప్తి లేకపోయింది. బడికి పోయి పాత హాజరు పట్టీ తీయించాడు. రెండు సెక్షన్ల పేర్లూ నోటుబుక్కులో రాసుకున్నాడు. దొరికినవాళ్ల పక్కన టిక్కు, దొరకనివాళ్ల పక్కన చుక్క. దుకాణంలో యూరియా బస్తాల లెక్క తప్పినా ఈ లెక్క తప్పేవాడు కాదు.

మగవాళ్లు తొందరగానే దొరికారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో కొందరు, పుణెలో ఇద్దరు, మస్కట్‌లో ఒకడు, హైదరాబాదు సంగతి చెప్పనే అక్కర్లేదు. తండాల పిల్లల దగ్గర వచ్చింది చిక్కు. దసరా దాటితే మా వైపు తండాలు సగం ఖాళీ. చెరకు కొట్టడానికి సంసారాలు సంసారాలే కదిలిపోతాయి, జహీరాబాద్ దిక్కో, కర్ణాటక దిక్కో, మహారాష్ట్ర దిక్కో. తిరిగి వచ్చేసరికి ఎండలు ముదురుతాయి. లీడర్ చలికాలంలో పోయి తాళాలు చూసి వచ్చాడు. మళ్లీ ఎండాకాలంలో పోయి మనుషుల్ని పట్టుకున్నాడు. అందులో ఒకాయన చెరకు కూలీల మేస్త్రీ అయ్యాడు. ఎకరాకెన్ని టన్నులో, టన్నుకెంత కూలీయో గడగడా చెప్పేవాడు. 'మన బ్యాచ్‌ల లెక్కలు వచ్చింది ఇప్పుడు నీకొక్కనికేరా' అని లీడర్ మెచ్చుకున్నాడు.

ఆడపిల్లల్ని వెతకడం ఇంకా కష్టం. ఇంటిపేరు మారింది, ఊరు మారింది, ఒకరిద్దరి రాష్ట్రమే మారింది. అన్నదమ్ముల్ని అడగాలి. నలభైకి దగ్గరపడ్డ మనిషి నలభైకి దగ్గరపడ్డ ఆడమనిషి ఫోన్ నంబరు అడిగితే మా ఊళ్లో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఒకచోట, 'మా చెల్లె నంబరు నీకెందుకు?' అని కర్ర తీసినంత పనిచేశాడు అన్న. చివరికి లీడర్ తన పెళ్లాంతో అడిగించడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి టిక్కులు టకటకా పడ్డాయి. అసలు గ్రూపు కట్టిన ఘనతలో సగం ఆ ఇల్లాలికి రావాలి. ఫ్లెక్సీ మీద ఆమె బొమ్మ వేయలేదు గానీ.

గంటగాడు మాత్రం వెతక్కుండానే దొరికాడు.

బడిగంట కొట్టే పని అటెండరుది. ఆయనకు మోకాళ్ల నొప్పులు. ఆయన బదులు గంట కొట్టేవాడు గనక ఆ పేరు. మా వీధిలోనే కిరాయి ఇంట్లో ఉండేవాళ్లు. తండ్రి దర్జీ. పదో తరగతి అయిన ఏడే తండ్రి పోయాడు. గంటగాడు లారీ క్లీనరుగా ఎక్కి, డ్రైవరుగా దిగాడు. ఔరాద్ తాలూకాలో పిల్లనిచ్చారు. ఒక్కతే కూతురు గనక ఇల్లరికం పోయాడు. తల్లి కూడా పోయాక ఖేడ్‌తో వాడికి మిగిలిన చుట్టరికం ఏమీ లేదు. ఒకరోజు బీదర్ తోవలో ధాబా దగ్గర లీడర్ బండి ఆపితే పక్క మంచం మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడట. లీడరే గుర్తుపట్టాడు. అక్కడికక్కడే ఫోన్ లాక్కుని గ్రూపులో చేర్చాడు. వాడు రాసేది తక్కువ. పొద్దున్నే నోటితో 'ఠంగ్ ఠంగ్ ఠంగ్' అని గంట కొట్టి వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. కొన్నాళ్లు అందరూ నవ్వారు, తర్వాత అలవాటైపోయింది. ఆ తర్వాత అదీ రావడం ఆగిపోయింది. దండం గుర్తులు, బొటనవేళ్లు మాత్రం క్రమం తప్పకుండా వచ్చేవి.

లీడర్ గ్రూపుకు కట్టుదిట్టాలు పెట్టాడు. రాజకీయాలు వద్దు. కులం వద్దు. పుట్టినరోజులు మరవొద్దు. ఇక్కడొక చిన్న తిరకాసు. ఆ రోజుల్లో పిల్లల్ని బడిలో వేసినప్పుడు తేదీ తెలియకపోతే హెడ్మాస్టరు జూన్ 1 అని రాసేసేవారు. కాబట్టి గ్రూపులో దగ్గర దగ్గర సగం మంది ఒకేరోజు పుట్టారు. జూన్ 1 వచ్చిందంటే కేకులూ కొవ్వొత్తులూ 'నిండు నూరేళ్లూ' తెల్లారుజాము నుంచి అర్ధరాత్రి దాకా. ఎవరు ఎవరికి చెబుతున్నారో చూసే తీరిక ఎవరికీ లేదు. అందరూ అందరికీ చెప్పేవాళ్లు.

పూల బొమ్మల సంగతి మీకు తెలియంది కాదు. మనదేశంలో పొద్దున్నే వచ్చిపడే శుభోదయాల వల్ల ఫోన్లు నిండిపోయి ఆగిపోతున్నాయని గూగుల్ వాళ్లే కనిపెట్టారు. 2017 డిసెంబరులో ఫైల్స్ గో అని ఒక యాప్ తెచ్చి, ఆ బొమ్మల్ని ఏరి ఒక్కసారే తుడిచేసే వీలు కూడా కల్పించారు. తుడిచేసేది యంత్రం, పంపేదీ యంత్రంలా మనిషే. లీడర్ గ్రూపులో గులాబీ, దాని మీద మంచు బిందువు, దాని పక్కన వివేకానందుడు చెప్పాడో లేదో తెలియని ఒక సూక్తి లేని రోజు లేదు.

ఇక లీడర్ వాయిస్ మెసేజ్‌లు. వాడు వేళ్లతో రాయడు, నోటితోనే. ఒక్కోటి నాలుగు నిమిషాలు, అయిదు నిమిషాలు. గ్రామసభలో సర్పంచి మాట్లాడినట్టు 'గౌరవనీయులైన మిత్రులారా' నుంచి మొదలయ్యేది. వినకపోతే ఊరుకునేవాడు కాదు. దానికి వాడి దగ్గర కిటుకు ఉంది. వాయిస్ మెసేజ్ పంపితే పక్కన చిన్న మైకు గుర్తు ఉంటుంది చూడండి. గ్రూపులో అందరూ విన్నాకే అది నీలంగా మారుతుంది. ఎవరు విన్నారు, ఎవరు వినలేదు అనే జాబితా కూడా లోపల ఉంటుంది. ఒకరికొకరు విడిగా రాసుకునేచోట చదివిన గుర్తులు రాకుండా ఆపుకోవచ్చు గానీ, విన్న గుర్తును ఎక్కడా ఎవరూ ఆపుకోలేరు. లీడర్ రాత్రి పడుకునే ముందు ఆ జాబితా తెరిచి, వినని వాళ్ల పేర్లు గ్రూపులో పెట్టేవాడు. సుద్దముక్క మళ్లీ చేతికొచ్చింది.

'ఎందుకురా వాళ్ల వెంట పడతవ్?' అని ఒకసారి గోడ మీదినుంచి అడిగాను.

'ఇనకపోతే ఇగ గ్రూపెందుకన్నా?' అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

గ్రూపు చేసిన మంచి పని ఒకటుంది, అది చెప్పకపోతే అన్యాయం. సహాయనిధి. 2017 నుంచి నెలకు తలా రెండు వందలు. ఎవరికైనా ఏమైనా అయితే ఆ ఇంటికి ఇరవై వేలు. మస్కట్‌లో ఉన్నాయన గుండె ఆగి పోయినప్పుడు శవం వచ్చేసరికే లీడర్ ఇరవై వేలు పట్టుకుని వాళ్లింటి ముందు నిలబడ్డాడు. కరోనా రెండో విడతలో ఇంకొకాయన పోయాడు, ఆ ఇంటికీ అట్లాగే. జిల్లా పేజీలో ఫొటో పడింది. లీడర్ దాన్ని లామినేషన్ చేయించి దుకాణంలో, లైసెన్సు పక్కన తగిలించాడు. డబ్బు కట్టినవాళ్లు ఆ కట్టిన రసీదు ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. అందరూ పెట్టేవాళ్లు. ఖజాంచి బొటనవేలు పెట్టేవాడు. రెండు వందలా కాదా అన్నదే చూసేవాడు, పైన పంపినవాళ్ల పేరు చదివే అలవాటు ఆయనకు లేదు.

ఇంత చేశాక ఆత్మీయ సమ్మేళనం చేయకుండా ఉంటారా? ఇప్పుడు తెలంగాణలో ఏ ఆదివారం జిల్లా పేజీ తిరగేసినా నాలుగు బ్యాచిలు కనబడతాయి. ఒకేరంగు చొక్కాలు, ఒకేరంగు చీరలు, నడుమ శాలువాలు కప్పుకుని ఇబ్బందిగా నవ్వే సార్లు. మావాళ్లది 2025 మే నెలలో. ఊళ్లో ఫంక్షన్ హాలు తీసుకున్నారు. ముఖ్య అతిథిగా పిలవడానికి ఎవరూ దొరక్క, పత్రికల్లో నాలుగు ముక్కలు రాస్తానని గోడ అవతల ఉన్న నన్ను పట్టుకున్నారు.

హాలు వాకిట్లో నిలువెత్తు ఫ్లెక్సీ. అందరి బొమ్మలూ తపాలా బిళ్లలంత. పైన పెద్దక్షరాలతో 'ఒక్కడూ తప్పిపోలే'. ఆ మాట లీడర్‌దే. లోపల బగారన్నం వాసన, కోడికూర వాసన, అత్తరు వాసన కలిసి తిరుగుతున్నాయి. బట్టతలల్ని చూసి గుర్తుపట్టలేక, పట్టినట్టు నటిస్తూ కౌగిలించుకుంటున్నారు. ఒకామె వాళ్ల లెక్కల సారును పట్టుకుని 'నన్ను బెంచీ మీద నిలబెట్టిన్రు సార్' అంటే, 'నేను నిలబెట్టనిదెవర్నమ్మా' అన్నాడాయన. ఆయనకు ఎనభై దాటాయి. అన్నం తిన్నాక వేయాల్సిన గోళీ తినకముందే వేసుకుని, వేసుకున్న సంగతి మరచి, తిన్నాక మళ్లీ వేసుకోబోతుంటే నేనే ఆపాను.

లీడర్ మైకు అందుకున్నాడంటే పొద్దు గూకేదాకా వదలడని తెలిసినవాళ్లు ముందే తినేశారు. వాడు గ్రూపు చరిత్ర అంతా చెప్పాడు. ధాబా చెప్పాడు, తండా చెప్పాడు, కర్ర తీసిన అన్న సంగతి పేరు లేకుండా చెప్పాడు. చనిపోయిన ఇద్దరికీ రెండు నిమిషాలు మౌనం పాటించమన్నాడు. నిమిషం కాకముందే ఎవరి ఫోనో మోగి అది ముగిసింది.

'భగవంతుని దయవల్ల మన బ్యాచ్‌ల ఇద్దరే మనల్ని విడిచిపోయిన్రు. మిగిలినోళ్లం అందరం ఉన్నం. ఇప్పుడు ఉత్తమ సభ్యునికి సన్మానం' అన్నాడు. 'గ్రూపు పెట్టినప్పటిసంది ఒక్క నెల గుడ చందా ఆపనోడు ఒక్కడే ఒక్కడున్నడు. మీటింగ్ తారీఖు చెప్పంగనే అందరికన్న ముందు బొటనేలు పెట్టిండు. ఫోను చేసే పని గుడ పెట్టలే నాకు. ఎవరనుకున్నరు? మన గంటగాడు!'

చప్పట్లు. ఈలలు. 'ఠంగ్ ఠంగ్' అని నలుగురు అరిచారు.

వెనక వరుసలోంచి ఒకామె లేచింది. ముదురాకుపచ్చ చీర, కన్నడం కట్టు. చెయ్యి పట్టుకుని ఎనిమిదేళ్ల పిల్లవాడు. ఆమె నడిచి వస్తుంటే అందరూ అర్థం చేసుకున్నారు: డ్రైవరు గదా, బండి మీద పోయి ఉంటాడు, పెళ్లాన్ని పంపాడు.

'వదినా, రండ్రి రండ్రి' అన్నాడు లీడర్ మైకులోనే. 'మావోడు ఎప్పటిలెక్కనే ఆలస్యమేనా? వాడు వచ్చేదాక శాలువ మీరే ఉంచుకోండ్రి.' వాళ్ల ఆవిడను పిలిచి శాలువా కప్పించాడు. నా చేత జ్ఞాపిక ఇప్పించాడు. ఆమె రెండు చేతులా తీసుకుని, మాట్లాడాలన్నట్టు మైకు వైపు చూసింది. లీడర్ మైకు వదిలిన ఘట్టం ఆ రోజుకు అదే మొదటిది.

ఆమె తెలుగు సరిహద్దు తెలుగు, కన్నడం కలిసి మెత్తగా ఉంది.

'అన్నలకు, అక్కలకు నమస్కారం. నాకు తెలుగు మాట్లాడనీకి వస్తది, సదవనీకి రాదు. ఏడు దాక కన్నడ బడిల సదివిన. లీడరన్న గ్రూపుల మాట్లాడేటియి అన్ని ఇంట. ఒక్కటి గుడ ఇడువలే. తారీఖు అట్ల ఇనే వచ్చిన. మీకందరికి ఒక్కసారి దండం పెట్టి పోదామని వచ్చిన.'

లీడర్ నా చెవిలో 'చూసినవా అన్నా, వదిన గుడ ఇంటది' అన్నాడు మురిపెంగా.

'ఆయన పోయిన దినం నాకాడ ఎవ్వరు లేకుండిరి. బీదర్ల పెద్దాస్పత్రి. మా నాయినకు కండ్లు కనబడయి. పిల్లగాడు సంకల. ఆస్పత్రి బయట కూసుండి, ఈ ఫోనుల, ఈ గ్రూపుల చెప్పిన. మాట్లాడి పంపిన. కన్నడంల మాట్లాడిన. మీకు కన్నడం సమజైతది గదా, ఖేడోళ్లకు అందరికి అయితదని ఆయన చెప్తుండె.'

హాల్లో గరిటెల చప్పుడు ఆగింది. ముందు వరుసలో ఒకాయన 'ఎటు పోయిండట?' అని పక్కాయన్ని అడుగుతున్నాడు.

'ఒక్క గడియ గాలే అన్నా. టింగు టింగుమని ఒకరి ఎనుక ఒకరు వచ్చిన్రు. ఒకరు పువ్వులు పంపిన్రు. ఒకరు దీపం పంపిన్రు. ఒకరు అమ్మవారి ఫోటో పంపిన్రు. దండాలు పెట్టిన్రు. రాత్రి దాక వస్తనే ఉన్నయి. గిన్ని మంది ఉన్నరా నీకు, నాకు ఎన్నడు చెప్పకపోతివి అని ఆయన పక్కకు కూసుండి ఆయనకు సూపెట్టిన, పండుకున్నాయనకు.'

చెంగుతో ముఖం తుడుచుకుంది. కానీ ఏడవడం లేదు. ఆ ముఖంలో ఉన్నది కృతజ్ఞతే.

'ఈ దసరకు మూడేండ్లయితది. నా చుట్టాలు గుడ మరిచిన్రు గానీ మీరు మరువలే. ఏటేట అదే దినం పువ్వులు, దీపాలు పంపుతరు. జూన్ ఒకటి ఆయన పుట్టిన దినం అని గుడ మీకు యాదుంటది. అందుకే ఆయన చందా ఆపలే అన్నా. దుకాణం పిల్లగానికి పైసలిచ్చి కొట్టిపిస్త. ఆయన మాటిచ్చిండు గదా.'

ఖజాంచి తల వంచుకుని ఫోన్‌లో ఏదో కూడుతున్నాడు. 2022 నవంబరు నుంచి ఆ మే దాకా ముప్పయ్యొక్క నెలలు. ఆరువేల రెండు వందలు. లెక్క సరిపోయినట్టుంది, ఫోన్ జేబులో పెట్టేసి చెమట తుడుచుకున్నాడు. పోయినవాడి ఇంటికి వెళ్లాల్సిన ఇరవై వేల సంగతి ఆయనకు ఆ క్షణాన తోచిందో లేదో నేను చెప్పలేను.

2022 దసరా అక్టోబరు 5న వచ్చింది. టీఆర్ఎస్ బీఆర్ఎస్ అయిన రోజు. ఊరంతా ఫోన్లలోనే ఉంది ఆ పూట. జమ్మి ఆకులు, పాలపిట్టలు, మహిషాసుర మర్దిని, మామిడాకుల నడుమ దీపాలు. ఒకరు పంపింది ఇంకొకరికి, ఆ ఇంకొకరిది మళ్లీ అందరికీ.

ఎవరూ లేవలేదు. చప్పట్లు కొట్టాలో మానాలో ఎవరికీ తెలియలేదు. కోడలిపిల్ల లాంటి ఒకామె వెనక బాల్చీలో నీళ్లు పోస్తుంటే ఆ చప్పుడు హాలంతా వినబడింది.

ఆమె మైకు పక్కన పెట్టి లీడర్ ముందుకొచ్చింది. కొంగుముడి విప్పినంత జాగ్రత్తగా ఫోన్ తీసింది. అంచులు పగిలి, రబ్బరు బ్యాండు వేసిన ఫోన్. వెతుక్కోవలసిన పని లేదు ఆమెకు, ఆ రోజు మెసేజ్‌కు చుక్క గుర్తు పెట్టి దాచుకుంది.

'లీడరన్నా, ఆ దినం అందరికన్న మొదలు నువ్వే పంపినవ్. మిగిలినోళ్లయి బొమ్మలు. నువ్వొక్కనివే రాసినవ్. ఎన్నడు రాయనాయన రాసిండంటే మంచి మాట రాసే ఉంటడని దాసిపెట్టుకున్న. మా ఊళ్లె తెలుగు సదివేటోళ్లు లేరు. సదివి చెప్పన్నా, పిల్లగాడు ఇంటడు. మైకుల సదువు, అందరు ఇంటరు.'

పిల్లవాడు తలెత్తి లీడర్ నోటి వైపే చూస్తున్నాడు.

లీడర్ ఫోన్ అందుకున్నాడు. చూశాడు. వాడి ముఖంలో రక్తం ఎటు పోయిందో తెలియదు. 'అన్నా, నాకు అద్దాలు లేవు, నువ్వు సదువు' అని ఫోన్ నా చేతిలో పెట్టాడు, మైకు కూడా. అద్దాలు వాడి చొక్కా జేబులోనే ఉన్నాయి.

నేను చూశాను. పైన ఆమె వాయిస్ మెసేజ్. ముప్పయ్యెనిమిది సెకన్లు. పక్కన మైకు గుర్తు ఇంకా నీలంగా మారలేదు. దాని కింద, రెండు నిమిషాల తేడాతో, లీడర్ పేరు, పేరు కింద ఒకే ఒక్క వాక్యం:

'సేమ్ టు యూ రా గంటా! నీకూ, నీ ఇంటిల్లిపాదికీ.'